పక్కింటి పిల్లులు, మన తోటకూర మడి: ఏది పనిచేస్తుంది, ఏది డబ్బు దండగ

తోటకూర గిల్లుదామని మడిలో చెయ్యి పెడితే వేళ్ళకు మెత్తగా ఏదో తగిలింది. అదేమిటో తెలిశాక ఆ పూట అన్నం సయించలేదు. కోసిన కూర కోసినట్టే చెత్తలో పడేశాను. చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నా తృప్తి లేదు. అది జరిగి రెండేళ్ళు. ఈ రెండేళ్ళలో డబ్బు పోగొట్టుకున్నవీ, సగం సగం పనిచేసినవీ, చివరికి కుదిరినవీ రాస్తున్నాను. నాలాగే పొద్దున్నే చీపురు పట్టుకుని గోడ దగ్గర కాపలా కాస్తున్న వాళ్ళకు పనికొస్తుంది.

మాది ఒంగోలు లాయర్‌పేటలో పాత ఇల్లు. ముందు పదడుగుల వెడల్పున ఖాళీ జాగా ఉంది, అంతా నల్లరేగడి. ఎండాకాలం నెర్రెలిచ్చి రాయిలా ఉండేది, వాన పడితే చెప్పులు ఊడొచ్చేంత జిగట. అప్పట్లో పిల్లులు గోడ మీద నడిచి పోయేవే గానీ కిందికి దిగేవి కావు. ఆకుకూరలు వేద్దామని నేనే అందులో ఇసుక, మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలిపి, చేత్తో పట్టుకుంటే రాలిపోయేంత గుల్లగా చేశాను. వారం తిరక్కుండా మొదటి గుంట కనిపించింది. గింజలు చల్లిన సాలు మధ్యలో గుండ్రంగా తవ్వి, పని కానిచ్చి, మళ్ళీ పొందికగా మట్టి కప్పి ఉంది. పైన నాలుగు గోళ్ళ గీతలు. సరిగ్గా ఆ నెలలోనే ఎదురింటి వాళ్ళ ఇంటి కట్టుబడి అయిపోయి, వాకిట్లో ఏడాదిగా ఉన్న ఇసుక కుప్ప ఖాళీ అయింది. వాటికి ఉన్న చోటు పోయింది, నేను కొత్తది సిద్ధం చేసి పెట్టాను.

పిల్లి మన మీద కక్షతో రాదు. దానికి పొడిగా ఉన్న గుల్ల మట్టి కావాలి, కాస్త మరుగు కావాలి, కాళ్ళతో తవ్వి కప్పిపెట్టే వీలు కావాలి. ఎక్కడ పడితే అక్కడ కూర్చోకుండా పాదాలతో తడిమి చూసుకుంటుంది. ఇది పట్టుబడ్డాక నేను ప్రతి ఉపాయాన్నీ రెండు ప్రశ్నలతో కొలవడం మొదలుపెట్టాను. దాని పాదాల కింద ఏమైనా మారుతోందా? మన మే నెల ఎండకూ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పట్టే ఈశాన్య రుతుపవనాల వానకూ అది నిలుస్తుందా? అంగట్లో అమ్మేవాటిలో చాలామటుకు ఈ రెండో ప్రశ్న దగ్గరే పోతాయి.

ఏ ఉపాయం ఎంచుకున్నా ముందు ఒక పని చెయ్యాలి. పాత మలం ఉన్న చోట మట్టిని నాలుగంగుళాల లోతున పారతో ఎత్తి తీసేయండి. ఆ వాసన ఉన్నంత కాలం పిల్లికి అది తన చోటే. తీసింది కవర్లో చుట్టి చెత్తబండిలో వెయ్యాలి. కంపోస్టు గుంటలో వద్దు, ముఖ్యంగా ఆ కంపోస్టు ఆకుకూరలకు వాడే వాళ్ళు అసలే వద్దు. చేతులకు గ్లవుజులు వేసుకోండి. పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉండే అవకాశం ఉంది. ప్రతి పిల్లిలోనూ ఉండదు. ఉన్నది కూడా సోకిన కొత్తలో రెండు మూడు వారాలే బయటికి వదులుతుంది. కానీ ఒకసారి మట్టిలో కలిస్తే తడి నేలలో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైగా బతుకుతుంది. గర్భంతో ఉన్నవాళ్ళకు ఇది సోకితే కడుపులో బిడ్డకు ప్రమాదం, కాబట్టి ఈ పని వాళ్ళ చేత చేయించకండి. ఇంకో సంగతి, ఆ పరాన్నజీవి మలంతో బయటికి వచ్చిన వెంటనే అంటుకోదు, అందుకు ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. ఏ రోజుది ఆ రోజు తీసేసే అలవాటు అందుకే మంచిది. ఆకుకూరలు ఎటూ నాలుగు నీళ్ళలో కడగాల్సిందే.

మా ఇంట్లో ఇంకో తప్పు కూడా జరిగేది, ఒప్పుకుంటాను. ఆదివారం చేపలు కడిగిన నీళ్ళు కరివేపాకు మొదట్లో పోయడం మా అత్తగారి కాలం నుంచి అలవాటు. పైగా నేను చేపలూ బెల్లమూ ఊరబెట్టిన మీనామృతం కూడా చల్లేదాన్ని. పిల్లులకు ఇంతకంటే శుభలేఖ ఏం కావాలి? ఎముకల పొడి వేసినా ఇంతే, తవ్వి చూడకుండా పోవు. మడి గట్ల మీద కుప్పింటాకు ఉందేమో కూడా చూడండి. మన వైపు కొందరు మురిపిండాకు అంటారు. ఆ మొక్క పెరికితే వేరు వాసనకు పిల్లులు మత్తెక్కినట్టు వచ్చి పొర్లుతాయి. కలుపు తీసి గట్టు మీద వదిలేసి, తెల్లారి లేచి చూసి లబోదిబోమన్న రోజు నాకుంది. ఈ నాలుగూ మానేస్తేనే రాకపోకలు కొంత తగ్గాయి.

వాసనతో తరిమే ఉపాయాలు

ఎవర్ని అడిగినా ముందు చెప్పేవి ఇవే, నిమ్మ తొక్కలు, కాఫీ పిప్పి, కారం, వెనిగర్, నాఫ్తలీన్ ఉండలు, ఫినాయిలు. పొదలకూరు నిమ్మ మార్కెట్ దగ్గర్లో ఉన్న మన జిల్లాలకు నిమ్మ తొక్కకు కొదవ లేదు. పిల్లికి ఆ వాసన గిట్టదన్నదీ నిజమే. కానీ మే నెలలో పొద్దున వేసిన తొక్క మధ్యాహ్నానికి పెళుసుబారి వాసన పోతుంది. రోజూ వేయగలిగితే కుండీల్లో కొంత గుణం కనిపిస్తుంది, వారం మానేస్తే కథ మొదటికి వస్తుంది. వాన కాలంలో దాని గురించి మర్చిపోవచ్చు. వేప పిండి కూడా వేశాను. మొక్కలకు మంచిదే, పిల్లులు మాత్రం దాన్ని లెక్కచెయ్యలేదు.

కారం చల్లడం నాకు ఇష్టం లేదు. అది పాదాలకు అంటుకుని, నాక్కుంటే నోరూ కళ్ళూ మండి ఆ జీవి అల్లాడుతుంది. పైగా గాలి తిరిగితే ముందు మండేది మన కళ్ళే. ఫినాయిలు ఇంకా చెడ్డది. ఫీనాలు ఉన్న మందులను పిల్లి శరీరం విరగ్గొట్టుకోలేదు, పాదాలు నాక్కున్నా విషమే. మొక్కల వేళ్ళూ మాడతాయి. నాఫ్తలీన్ ఉండలు ఆరుబయట కొన్నాళ్ళలో ఆవిరైపోతాయి. అప్పటిదాకా తెల్లగా చాక్లెట్ బిళ్ళల్లా పిల్లల చేతికి అందుతుంటాయి. చంటిపిల్లలున్న ఇంట్లో వాటిని మట్టిలో వేయడం మనం తెచ్చిపెట్టుకునే టెన్షన్. నీలిమందు కలిపిన నీళ్ళ సీసాలు గేటుకు కట్టడం మన వీధుల్లో ఇప్పటికీ చూస్తున్నాం. మా వీధిలో ఒక పిల్లి ఆ సీసా నీడలోనే పడుకుంటుంది.

మట్టిని కప్పే ఉపాయాలు

నా ఓటు వీటికే. పిల్లి కాలు మోపితే మట్టి తగలకూడదు, తవ్వితే జరగకూడదు. ఇది ఎన్ని రకాలుగా చెయ్యొచ్చో చూస్తే మన జిల్లాల్లో సరుకుకు లోటు లేదు.

నేను మొదట తెచ్చింది చీమకుర్తి గ్రానైటు ముక్కలు. నల్ల గెలాక్సీ రాయి కోసేటప్పుడు మిగిలిన చిప్స్, చూడ్డానికి మెరుస్తూ ముచ్చటగా ఉన్నాయి. మల్లె పాదులోనూ కనకాంబరాల వరసలోనూ రెండంగుళాల మందాన పరిచాను. పిల్లులు ఆ రోజు నుంచి అక్కడికి రాలేదు, అంతవరకూ బాగానే ఉంది. ఏప్రిల్ చివర్లో కనకాంబరాలు మొదళ్ళ దగ్గర వాడడం మొదలైంది. మధ్యాహ్నం రెండింటికి ఆ ముక్కల మీద చెయ్యి పెడితే పెనం మీద పెట్టినట్టుంది. నల్ల రాయి ఎండను అంత పీల్చుకుంటుందని నాకు తట్టలేదు. ఇప్పుడు వాటిని మల్లె, కరివేపాకు లాంటి ముదురు మొక్కల కిందే ఉంచాను, అదీ మొదలుకు జానెడు దూరం వదిలి. లేత మొక్కల దగ్గర ఇళ్ళు కట్టేవాళ్ళు వాడే మామూలు ముప్పావు ఇంచి కంకర మేలు. సన్న చిప్స్ మాత్రం కొనకండి, పిల్లి వాటిని కూడా ఇసుకలాగే పక్కకు నెట్టేస్తుంది.

కంకర ఆకుకూర మడికి పనికిరాదు, ప్రతి నెలా తవ్వి మళ్ళీ గింజ వేయాలి కదా. అక్కడ నన్ను గట్టెక్కించింది తాటి మట్ట. ఊరి నుంచి వచ్చేటప్పుడు మా మరిది ఆటోలో పది మట్టలు వేసుకొచ్చాడు. ఆకు కోసేసి మట్టను నిలువునా చీల్చి, రంపం పళ్ళలాంటి అంచు పైకి వచ్చేట్టు సాళ్ళ మధ్య పరిచాం. రెండు మట్టల మధ్య బెత్తెడు సందు ఉంటుంది, అందులోంచే తోటకూర మొలుస్తుంది. పిల్లి గోడ దిగి ఒక కాలు పెట్టి, ఎత్తి విదిలించి, ఇంకోచోట పెట్టి, మళ్ళీ ఎత్తి, చివరికి వచ్చిన దారినే పోవడం కిటికీలోంచి నా కళ్ళతో చూశాను. ఆకులు కూడా పారేయకుండా కొత్తగా గింజ చల్లిన మడి మీద పలచగా కప్పితే మొలక వచ్చేదాకా ఎండ నుంచీ కాపాడతాయి. కాకపోతే మట్టలు రెండు వానాకాలాలకు మించి ఆగవు, చెదలు పడతాయి. పరిచేటప్పుడు అరచేతులు గీరుకోకుండా గోనెసంచి చుట్టుకోండి.

కంప వేయడం అందరికీ తెలిసిన పద్ధతే. కాగితప్పూల చెట్టు కత్తిరించినప్పుడు వచ్చే కొమ్మలూ, ఎండిన నిమ్మ కొమ్మలూ సరిపోతాయి. ఊరి బయట సర్కారు తుమ్మ కంప ఊరికే దొరుకుతుంది గానీ ఇంట్లోకి తేవద్దంటాను. దాని ముల్లు దిగితే చెయ్యి రెండ్రోజులు సలుపుతుంది. కలుపు తీయాల్సింది పిల్లి కాదు, మనమే.

నెల్లూరు వేదాయపాళెంలో ఉండే మా చిన్నమ్మది వేరే అవస్థ. ఆవిడ మడులన్నీ పెన్న ఇసుక కలిపినవి, పిల్లులకు అది పట్టుపరుపు. ఆవిడ రొయ్యల గుంటల దగ్గర తీసేసిన పాత వల తెప్పించి, మడి చుట్టూ నాలుగు ఇటుకలు ఎత్తుగా పేర్చి, వలను వాటి మీద మంచం నవారులా బిగుతుగా లాగి కట్టింది. వదులుగా నేల మీద పరిస్తే పిల్లి కాళ్ళూ తొండలూ చిక్కుకుంటాయి, ఒకసారి పాము కూడా చిక్కిందట. బిగించి కట్టాక ఆ బాధ లేదు. మొక్క జానెడు పెరిగాక వల తీసేయాలి, అప్పటికి మడి నిండిపోతుంది కాబట్టి పిల్లికి తవ్వేందుకు చోటు ఉండదు. అంగుళం కన్నుల ఇనుప జాలీ మట్టి కింద ఒక అంగుళం లోతున పరిచేవాళ్ళూ ఉన్నారు. పూల మొక్కలకు బాగుంటుంది. ముల్లంగి, వేరుశనగ లాంటివి పీకేటప్పుడు మాత్రం నరకం.

వరి ఊక, రంపపు పొట్టు, కొబ్బరి పొట్టు మాత్రం పైన కప్పడానికి వాడకండి. మెత్తగా, పొడిగా ఉంటాయి. మనం కప్పామనుకుంటాం, అవి పరుపు వేశారనుకుంటాయి. కొబ్బరి పీచును మట్టి మీద అట్టలా పరిస్తే అది వేరే సంగతి, గట్టిగా ఉంటుంది.

గోడలు, గేట్లు, మిషన్లు

ప్రహరీని అడ్డం చేసుకోవడం ఖర్చుతో కూడిన పని. ఆరడుగుల గోడ కూడా పిల్లికి లెక్క కాదు. గోడ పైన పీవీసీ పైపులు ఇనుప తీగకు గుచ్చి దొర్లేట్టు కడితే కాలు ఆనక జారి దిగిపోతుంది. ఇది పనిచేస్తుంది గానీ నాలుగు వైపులా కట్టాలి, ఒక్క జామచెట్టు కొమ్మ గోడ మీదికి వంగి ఉన్నా దండగే. గాజు పెంకులు గుచ్చే పాత పద్ధతి వద్దు. పిల్లి వాటి మధ్య నుంచి కాళ్ళు పెట్టుకుంటూ పోతుంది, తెగేది బంతి కోసం ఎక్కిన పిల్లవాడి చెయ్యి. గేటు కింద సందు మూయడం మాత్రం తప్పక చెయ్యండి, పిల్లికి కాకపోయినా పందికొక్కుకు పనికొస్తుంది.

కదలిక పసిగట్టి మనకు వినిపించని శబ్దం చేసే మిషన్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. మన చెవి 20 కిలోహెర్ట్జ్ దాటితే వినదు, పిల్లి 60 దాటినా వింటుంది. ఇవి ఉత్త మోసం అనుకునేదాన్ని. కానీ 2018లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో ఇళ్ళ తోటల్లో పెట్టి చూసిన పరిశోధన ఒకటి వెలువడింది. పిల్లులు రావడం 46 శాతం, వచ్చినవి ఉండే సమయం 78 శాతం తగ్గాయని తేలింది. అంటే సగానికి పైగా వచ్చిపోతూనే ఉన్నాయి, కాకపోతే కూర్చునే తీరిక తగ్గింది. గుబురు ఆకుల వెనక్కీ గోడ అవతలికీ ఆ శబ్దం పోదు, ముసలి పిల్లికి వినబడకపోవచ్చు, మీ కుక్కకు మాత్రం బాగా వినబడుతుంది. నేనైతే దీన్ని మట్టి కప్పడానికి తోడుగా తప్ప విడిగా కొనను. నీళ్ళు చిమ్మే మిషన్ ఉంది చూశారూ, అది నిజంగానే పిల్లిని బెదరగొడుతుంది. దానికి పైపులో ఎప్పుడూ ప్రెషర్ ఉండాలి. వేసవిలో కుళాయి ఎప్పుడొస్తుందా అని బిందెలు వరసపెట్టే వీధిలో పిల్లుల మీద నీళ్ళు చిమ్మడానికి నాకు మనసొప్పలేదు.

పిల్లికే ఒక మూల

అన్నిటికంటే ఆలస్యంగా చేసిందీ, అన్నిటికంటే ముందు చెయ్యాల్సిందీ ఇదే. దీనికి పక్కింటి పిన్నితో మాట్లాడాల్సి వచ్చింది. ఆవిడ రోజూ రాత్రి పెరుగన్నం పెడితే మూడు పిల్లులు తింటాయి. మొదట్లో నేను పిల్లి మీదా ఎలుక మీదా పెట్టి నాలుగు మాటలు అన్నాను. ఆవిడ కూడా తక్కువ తినలేదు.

"ఏందమ్మాయ్, మా పిల్లిదేనని దాని మీద రాసుందా?"

నెల రోజులు మాటల్లేవు. తర్వాత ఒకరోజు తోటకూర కట్ట పట్టుకుని నేనే వెళ్ళాను. తిండి మీ ఇంట్లో, దొడ్డి మా ఇంట్లో అయితే ఎట్లా పిన్నీ అంటే ఆవిడకే నవ్వొచ్చింది. వాళ్ళ పెరట్లో బావి పక్కన ఎవరూ తిరగని మూలలో మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు చోటు ఇటుకలతో కట్టి, జల్లించిన ఇసుక అర అడుగు మందాన పోశాం. మా మడిలో తీసిన మట్టి ఒక పిడికెడు అందులో వేశాం, వాసన పట్టడానికి. మూడు రోజులు ఏమీ లేదు. నాలుగో రోజు ఇసుకలో గుంట కనబడితే పిన్ని గోడ మీది నుంచి కేకేసి మరీ చెప్పింది. రోజూ తీసేస్తేనే పిల్లులు దాన్ని వాడతాయి, మురికైతే మళ్ళీ మన మడికే వస్తాయి. నెలకోసారి ఇసుక మార్చాలి.

ఈ ఇసుక మూల ఒక్కటే పెట్టి మన మడిని గుల్లగా వదిలేస్తే లాభం లేదు, రెండూ వాడుకుంటాయి. ఇక్కడ కప్పి అక్కడ తెరిస్తేనే పని అవుతుంది.

పిల్లలు పెట్టకుండా ఆపరేషన్ చేయించే మాట కూడా ఎత్తండి. ఆడపిల్లి నాలుగైదు నెలల వయసుకే చూలు కట్టగలదు, తొమ్మిది వారాల్లో ఈనుతుంది. ఈ ఏడాది మూడు ఉన్నవి వచ్చే ఏడాదికి ఎన్నవుతాయో లెక్క మీరే వేసుకోండి. మగపిల్లికి చేయిస్తే గోడలకూ కుండీలకూ వెనక్కి తిరిగి మూత్రం చిమ్మే అలవాటు కూడా చాలావరకు తగ్గుతుంది. ఖర్చు ఇద్దరం చెరి సగం పెట్టుకున్నాం. పట్టుకుని బుట్టలో పెట్టడమే పెద్ద తతంగం, చివరికి ఆ బుట్టలోకి రప్పించింది కూడా చేప తలకాయే.

గోతంలో వేసి ఊరవతల వదిలేసి రమ్మనే సలహాదారులు ప్రతి వీధిలో ఉంటారు. తిండి ఉన్న చోటు ఖాళీగా ఉండదు, ఇంకో పిల్లి వస్తుంది. విషం పెట్టేవాళ్ళకు చెబుతున్నాను, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 325 ప్రకారం జంతువుకు విషం పెట్టినా చంపినా ఐదేళ్ళ దాకా జైలు పడొచ్చు, 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ఎటూ ఉంది. చట్టం సంగతి అటుంచి, పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానమివ్వాలని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. ఇవాళ్టి బంగారం ధరకు ఎవరి తరం?

మరి మీ జాగాకు ఏది? మేడ మీద కుండీలే ఉంటే గుప్పెడు పెద్ద కంకర పైన వేసి ఊరుకోండి, ఇంకేమీ అక్కర్లేదు. ఆకుకూర మడి అయితే తాటి మట్టలు, అవి దొరక్కపోతే బిగించి కట్టిన వల. పూల పాదులకు కంకర లేదా మట్టి కింద జాలీ. ఇంటి ముందు ఇసుక దించుకున్నవాళ్ళు రాత్రికి టార్పాలిన్ పట్ట కప్పండి, పిల్లులకు మొదటి అలవాటు అక్కడే అవుతుంది. అద్దె ఇంట్లో ఉంటూ గోడ మీద మేకు కూడా కొట్టలేని వాళ్ళకు కంప, నిమ్మ తొక్క, కొంచెం ఓపిక. తిండి పెట్టేవాళ్ళు పక్కనే ఉంటే మాత్రం వీటన్నిటికంటే ముందు ఇసుక మూల గురించి మాట్లాడండి, చేతిలో తోటకూర కట్ట ఉంటే ఇంకా మంచిది.

మొన్న అక్టోబరు వానలకు మా ఏర్పాటులో ఒక లోపం బయటపడింది. ఇసుక మూల తడిసి ముద్దయింది, మూడు పిల్లులూ మా సన్‌షేడ్ కింద పొడిగా ఉన్న కుండీల వైపు చూడడం మొదలుపెట్టాయి. పిన్ని మనవడు పాత రేకు ఒకటి తెచ్చి నాలుగు సిమెంటు ఇటుకల మీద వాలుగా నిలబెట్టాడు. గాలికి ఎగరకుండా పైన రుబ్బురోలు పొత్రం పెట్టాం. ఆ పొత్రం మీదే ఇప్పుడు వాటిలో ఒకటి ఎండ కాగుతూ కూర్చుంటోంది.